అలోహా సరస్సుకు నలుగురం

కాలిఫోర్నియాలో కుక్కను వెంటబెట్టుకుని కొండలెక్కదలచినవారు ముందుగా గ్రహించవలసిన భేదం ఒకటుంది. జాతీయోద్యానం వేరు, జాతీయారణ్యం వేరు. యోసెమిటీ వంటి ఉద్యానంలో కుక్కను రోడ్లూ, విడిది స్థలాలూ దాటించి అడవిదారుల్లోకి తీసుకుపోనివ్వరు. అటవీశాఖ అధీనంలో ఉన్న డెసొలేషన్ అరణ్యంలో మాత్రం మెడకు తాడుంటే చాలు, రానిస్తారు. టాహో సరస్సుకు నైరుతి దిక్కున సుమారు 64,000 ఎకరాల్లో పరుచుకున్న గ్రానైట్ ప్రపంచం అది. 1969 నుంచి రక్షితప్రాంతం.

ఈ భేదం నాకు విడమరచి చెప్పినవాడితో అప్పటికి నా పరిచయం ఆరు వారాలు. మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల అర దగ్గర కలిశాడు. (అరలో ఉన్నవి పదకొండు పుస్తకాలు, వాటిలో నాలుగు వంటలవి. ఇద్దరు తెలుగువాళ్ళు స్నేహితులు కావడానికి ఆ దారిద్ర్యం చాలు.) మదనపల్లెవాడు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మా గోదావరి వైపు "గారూ" దగ్గరే ఒక ఏడాది గడుస్తుంది. అతను మొదటి రోజే "అన్నా" అన్నాడు. ఆగస్టులో ఒకనాడు, "రెండు రాత్రులు కొండల్లో పడుకుందాం, వస్తావా అన్నా? మనతో మల్లి, ఎర్రోడు కూడా వస్తారు" అన్నాడు. పిల్లలనుకుని సరేనన్నాను. కుక్కలని తెలిసేసరికి మాట ఇచ్చేసి ఉన్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1978లో, మా వీధి కుక్క ఒకటి పిక్క పట్టుకుంది. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా తిరుగుతూ ఉంటే దానికి ఆనాటికి రేబిస్ లేదన్నట్టే. అందుకని దానిని కనిపెట్టి ఉండమని వైద్యులు చెబుతారు. మా వీధివాళ్ళు ఆ సాయంత్రమే దానిని కర్రలతో కొట్టి చంపారు. ఇక కనిపెట్టి ఉండటానికేముంది? బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పద్నాలుగు సూదులు పొడిచారు. గొర్రె మెదడునుంచి తీసిన ఆ మందును మన దేశంలో 2004 చివరితో ఆపేశారు. ఇప్పటి పిల్లలకు చేతికి నాలుగైదు సూదులతో సరి. నాకు మాత్రం కుక్క పక్కనుంచి పోతే ఇప్పటికీ పొట్ట బిగుసుకుంటుంది, పిక్క కాదు.

ఎకో సరస్సు నుంచి అలోహా సరస్సుకు దాదాపు పది కిలోమీటర్ల నడక. రాత్రి బసకు అనుమతిపత్రం తీసుకున్నాము. ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బా 2022 నుంచి తప్పనిసరి. కుక్కల తిండి కూడా రాత్రిపూట ఆ డబ్బాలోకే వెళ్ళాలి, లేకపోతే ఎలుగుకు విందే. పగలు మాత్రం తమ తిండిని అవే మోసుకుంటాయి, వీపుకు ఇరువైపులా చిన్న సంచులతో. కుక్క బరువులో నాలుగో వంతుకు మించకూడదని అతను ప్రతి సంచినీ తూచి కట్టాడు. నా సంచిని ఎవరూ తూచలేదు.

నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి. ఆ కుక్కలకు తెలుగు వచ్చు. అనాథ కుక్కల ఆశ్రయం నుంచి తెచ్చుకున్ననాడు అవి ఇంగ్లీషు కుక్కలే. "ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేటోళ్ళు వాళ్ళిద్దరే అన్నా" అన్నాడు, అదేదో వింత కానట్టు. ఆ ఎత్తుమీద, గ్రానైట్ బండల నడుమ, "ఆగు మల్లీ, మెల్లగా" అన్న పిలుపు విని దారిన పోయే అమెరికనులు తలతిప్పి చూశారు.

అలోహా ఒక చిన్న ఆనకట్ట వల్ల మడుగులన్నీ కలిసి ఏర్పడిన సరస్సు. నీళ్ళలో లెక్కలేనన్ని బండలు ద్వీపాలై నిలిచి ఉంటాయి. పైన 9,983 అడుగుల పిరమిడ్ శిఖరం. ఆ రాత్రి డేరాలో మల్లి నా కాళ్ళకు ఆనుకుని పడుకుంది. నేను పడుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మల్లి కుంటడం మొదలుపెట్టింది. గరుకు గ్రానైట్ కుక్క అరికాలి మెత్తను ఆకురాయిలా అరగదీస్తుంది, ఎండకు కాలిందంటే చెప్పనక్కరలేదు. తొడిగిన మేజోళ్ళను అది ఎప్పుడో విదిలించి పారేసింది. ముందుకాలి మెత్త చీలి చర్మం వేలాడుతోంది.

"నోటికి గుడ్డ కట్టాలన్నా. నొప్పిలో ఉండే కుక్క దేవుణ్ణయినా కరుస్తుంది. కట్టుగుడ్డ ఒకటే చుట్ట, అది కాలికి కావాల. నువ్వు తల పట్టుకో."

నాకున్న భయం అతనికి తెలియదు. చెప్పడానికి అది సమయమూ కాదు. మోకాళ్ళమీద కూర్చుని రెండు చేతులతో దాని తలను నా రొమ్ముకు అదుముకున్నాను. నీళ్ళు పోస్తుంటే లోపలెక్కడో గురగుర మొదలైంది. అది నా ఎముకల్లో వినిపించింది. కత్తెర తగలగానే తల విదిల్చి నా మణికట్టును పళ్ళ మధ్య పట్టుకుంది. నొక్కలేదు. వదలలేదు. కట్టు ముడి పడేదాకా అలాగే పట్టుకుని ఉంది, పసిబిడ్డ వేలు పట్టుకున్నట్టు. ఆ తరువాత వదిలేసి, తన చొంగను తానే నాకింది.

మూడోనాడు దిగుతూ దానిని వంతులవారీగా మోశాము. పద్దెనిమిది కిలోలు. ఎర్రోడు పది అడుగులకోసారి ఆగి వెనక్కి చూస్తూ నడిచాడు. నా వంతులో, ఎందుకో, అతనికి 1978 నాటి సంగతంతా చెప్పాను. ఎవరికీ చెప్పని ముక్క కూడా: ఆ కుక్క కొత్తగా ఈనింది, మూడు పిల్లలు.

"అవేమయినాయన్నా?"

"మా నాయనమ్మ ఎవరికీ తెలియకుండా దొడ్డివాకిట్లో పాలన్నం పెట్టేది. వానలకు రెండు పోయాయి. మూడోది పెరిగి మా వీధిలోనే తిరిగేది. నేను బడికి వేరే దారిన వెళ్ళేవాణ్ణి."

అతనేమీ అనలేదు. ఎకో సరస్సు కట్ట కనిపించింది. "ఇటియ్యన్నా, నా వంతు" అని చేతులు చాచాడు. ఇంకాస్త దూరం నేనే మోస్తానన్నాను.