మూడో నెల

క్షయ వచ్చి తగ్గినవాణ్ని దగ్గు ఎంత బాధపెట్టిందని అడుగుతారు. నన్నడిగితే, దగ్గు కన్నా కష్టం మందులు మొదలుపెట్టాక వచ్చిన మూడో నెల అంటాను. అప్పటికి దగ్గు పోయింది, అన్నం రుచి తెలిసింది, రాత్రి నిద్ర పట్టింది. జబ్బు పోయిందని ఒళ్లంతా చెబుతోంది. మందులు మాత్రం ఇంకా నాలుగు నెలలు మింగాలి. ఆ నాలుగు నెలల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నాను.

విశాఖ హార్బరులో ఒక కాంట్రాక్టరు దగ్గర టాలీ గుమస్తాగా పనిచేస్తాను. ఓడలోంచి దిగిన సరుకు లెక్క రాయడం నా పని. ఇల్లు మల్కాపురంలో. 2019 వానాకాలంలో దగ్గు పట్టుకుంది. హార్బరు చుట్టుపక్కల బతికేవాళ్లకు దగ్గు కొత్త కాదు. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టల మీదా గడపల మీదా నల్లటి పొడి పడుతుంది. తోటివాళ్లందరూ దుమ్ము దగ్గేనన్నారు. మందుల షాపువాడు కూడా ఆ మాట మీదే సిరప్ ఇచ్చాడు. తర్వాత సాయంత్రమయ్యేసరికి సన్నజ్వరం, తెల్లవారుజామున చొక్కా తడిసేంత చెమట మొదలయ్యాయి. ప్యాంట్లు వదులైపోయాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనత్త నన్ను చూసి, "ఏట్రా, ఇలగ సిక్కిపోనావు? ఇది దుమ్ము దగ్గు కాదు, పద ఆస్పత్రికి" అంది. ఆవిడే వెంటబెట్టుకుని వాల్తేరులోని ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. ఒక నమూనా అక్కడికక్కడే ఇవ్వాలి, రెండోది పొద్దున్న లేచీలేవగానే తీసింది. సీబీనాట్ అనే యంత్రం క్షయ క్రిమి ఉందో లేదో, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో దాదాపు రెండు గంటల్లో చెబుతుంది. నాకు క్రిమి ఉంది, మందుకు లొంగేదే. హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు కూడా చేశారు. క్షయ తేలిన ప్రతి ఒక్కరికీ చేస్తారట. దేనికీ డబ్బు తీసుకోలేదు.

మొదటి రెండు నెలలూ ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిపిన మాత్రలు. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగిలిన మూడూ. రోజుకు ఎన్ని మాత్రలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. మూత్రం నారింజ రంగులో వస్తుందని, భయపడొద్దని మందుల కేంద్రంలో సిస్టరు ముందే చెప్పారు. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే రమ్మన్నారు. పరగడుపున మాత్రలు వేసుకున్నాక కడుపులో దేవినట్టుండేది, కీళ్లు లాగేవి. అయినా ఆ రెండు నెలలూ గడిచిపోయాయి. ఎందుకంటే జబ్బు కళ్ల ముందే ఉంది, మందు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో అమ్మ నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. ఆవిడను తప్పుపట్టను. వాళ్ల చిన్నతనంలో క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి పంపేయడమే. 1915లో అక్కడ క్షయ శానటోరియం వచ్చింది. ఈ జబ్బు కంచాల వల్ల అంటదు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో కలిసిన తుంపరల వల్ల అంటుతుంది. 1950ల్లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన జరిగింది. శానటోరియంలో ఉంచి కొందరికి, ఇంట్లోనే ఉంచి కొందరికి ఒకే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది, వాళ్ల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటలేదు. 1959లో ఆ ఫలితం వెలువడ్డాకే ఇంటి దగ్గరి వైద్యం ప్రపంచమంతా పాకింది. డాక్టరుగారు ఇదంతా ఓపిగ్గా చెప్పి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోమని, కిటికీలు తెరిచి ఉంచమని అన్నారు. ఆ వారమే అమ్మ నా కంచం మిగతా కంచాలతో కలిపేసింది.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ జబ్బు లేదు. అయినా మా పాపకు నాలుగేళ్లే కాబట్టి, జబ్బు రాకుండా ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ వేయమన్నారు. ఆ మాట విన్న రాత్రి నా భార్యా నేనూ నిద్రపోలేదు. పొడిచేసిన మాత్రను కాస్త పంచదార నీళ్లలో కలిపి ఇచ్చేది తను. పాప మొహం చిట్లించి మింగేసి, నా వైపు తిరిగి, "నాన్నా, నీది?" అనేది.

రెండు నెలల చివర కళ్లె పరీక్షలో క్రిమి కనపడలేదు. మళ్లీ పనిలోకి వెళ్లాను. అప్పటి నుంచే అసలు కష్టం. చూడ్డానికి వచ్చే చుట్టాలు రావడం మానేశారు, ఎలా ఉందని అడిగేవాళ్లు తగ్గారు. ఓడ వచ్చిన రాత్రుళ్లు డ్యూటీ తెల్లారేదాకా సాగేది. తెల్లారాక మాత్రలు మింగి కడుపులో తిప్పుకుంటూ పడుకోవాలి. జీతాలిచ్చిన రోజు అందరూ గ్లాసులు పట్టుకుంటే, మందులకు తోడు సారా పడితే కాలేయం దెబ్బతింటుందని చెప్పాలి. చెబితే ఏ మందులని అడుగుతారు. అప్పటికి కోవిడ్ రాలేదు. మూతికి గుడ్డ కట్టుకున్నవాణ్ని చూస్తే జనం పక్కకు జరిగే రోజులవి. "బాగానే ఉన్నావు కదా, ఇంకెందుకు?" అని తెలిసినవాళ్లే అనేవారు. నా మనసూ అదే అడిగేది.

జవాబు ఆసుపత్రి బల్ల మీద దొరికింది. నా పక్కన కూర్చున్నాయన మధ్యలో మందులు ఆపేశాడట. జబ్బు తిరగబెట్టింది, ఈసారి ముఖ్యమైన మందులకు లొంగలేదు. నెలల తరబడి రోజూ ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. వాటివల్ల చెవులు సరిగ్గా వినపడవు. నేను రెండుసార్లు అడిగితే గానీ ఆయనకు అర్థం కాలేదు. చురుగ్గా పెరిగే క్రిములు మొదటి వారాల్లోనే చస్తాయని, కదలకుండా పడి ఉన్నవి మిగులుతాయని, వాటి కోసమే ఆ నాలుగు నెలలని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు మొండి క్షయకు ఇంజెక్షన్లు లేని, ఆరు నెలల మందులు వచ్చాయి. అయినా ఆ దారిలోకి ఎవరూ వెళ్లకూడదు.

ఇంటికొచ్చాక పాప రోజూలాగే "నాన్నా, నీది?" అంది. ఏ జబ్బూ లేని నాలుగేళ్ల పిల్ల నావల్ల మాత్ర మింగుతోంది. ఇక నాకు ఇంకో జవాబు అక్కర్లేకపోయింది.

నిక్షయ్ పోషణ్ కింద ప్రభుత్వం అప్పట్లో నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేది. 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. ఆ డబ్బు నా భార్య గుడ్లకూ పప్పుకూ తప్ప దేనికీ ముట్టనివ్వలేదు. అది చాదస్తం కాదు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లకు తిండి గింజలు, పప్పులు ఇచ్చి చూసిన పరిశోధన 2023లో వెలువడింది. ఆ ఇళ్లలో మిగతావాళ్లకు క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులూ బాగా తగ్గాయి.

ఆరు నెలలూ పూర్తయ్యాయి. పాప మందు కూడా అయిపోయింది. ఇద్దరమూ బాగున్నాం.

మూడో నెలలో ఉన్నవాళ్లకు చెప్పేది ఇదే: మందు పడకపోతే మీ అంతట మీరు మానకండి, కేంద్రానికి వెళ్లి చెప్పండి, వాళ్లు సరిచేస్తారు. వాళ్ల ఇంటివాళ్లకు, స్నేహితులకు ఇంకో మాట. మంచం మీద ఉన్నప్పుడు అందరూ పలకరిస్తారు. లేచి తిరుగుతున్నప్పుడు, పనికి వెళ్తున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు అడగండి, ఇవాళ మందు వేసుకున్నావా అని. కోర్సు అయిపోయిందని డాక్టరు చెప్పేదాకా రోజూ అడగండి.