దించమంటే దించేయాలి

అల్ అమెరాత్ అనగానే మస్కట్‌లో ఉండే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది క్రికెట్. 2021 అక్టోబరులో టీ20 ప్రపంచకప్ తొలి మ్యాచ్ ఇక్కడే జరిగింది. టీవీలో చూసినవాళ్ళకి మైదానం చుట్టూ ఉన్న మోడు కొండలు కూడా గుర్తుండే ఉంటాయి. మేం పిల్లల్ని తీసుకెళ్ళింది ఆ కొండల కోసం.

రువి నుంచి వాది అదై లోయ దారిలో ఇరవై నిమిషాల ప్రయాణం. మస్కట్ చుట్టుపక్కల ముదురు గోధుమరంగులో కనిపించే రాయి చాలావరకు ఒకప్పటి సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ళ కిందట నేల మీదికి నెట్టుకొచ్చింది. చూడటానికి గంభీరంగా ఉంటుంది కానీ పట్టుకుంటే ముక్కలుగా ఊడొస్తుంది. ఎక్కేవాళ్ళు వెతుక్కునేది లేతరంగు సున్నపురాయిని. అది గట్టిది, అరచేతులు గీరుకుపోయేంత గరుకు.

నేను పుట్టి పెరిగింది భువనగిరి దగ్గర. ఒకే రాయిగా లేచిన ఆ కోటగుట్టని రోజూ చూసేదాన్ని. ఎక్కింది మాత్రం ఒక్కసారే, అదీ బడి పిల్లలతో మెట్ల మీదుగా. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆడపిల్ల తాడు కట్టుకుని రాయి ఎక్కవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, అంతే. అదే గుట్ట మీద తర్వాత మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ అమ్మాయి 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది.

మా బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు. ముందు నాలుగు వారాలు కృత్రిమ గోడ మీదే నేర్చుకున్నాం. ఆ తర్వాత ఒక జనవరి శుక్రవారం, తెల్లవారుతూనే, మా శిక్షకుడితో ఊరి శివార్లలోని ఒక రాయి దగ్గరికి వెళ్ళాం. రెండంతస్తుల ఇంటికంటే కొంచెం ఎక్కువ ఎత్తు. తాడు పైన కట్టిన కొక్కేల గుండా వచ్చి కింద నిలబడినవాళ్ళ చేతికి అందుతుంది. ఎక్కుతున్నకొద్దీ వదులు లాగేస్తూ ఉంటారు కాబట్టి జారినా పిల్లలు జానెడు కిందికి దిగి వేలాడతారు.

పాప ఉడతలా ఎక్కేసింది. బాబు సగంలో ఆగిపోయాడు.

"అమ్మా, దించు."

తాడు పట్టుకున్నది మా ఆయన. "ఇంకొక్క అడుగు రా! పూర్ణక్క ఎవరెస్టే ఎక్కేసింది, నువ్వు ఇది ఎక్కలేవా?" అని కేకేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. మాతో వచ్చిన ఇంకో రెండు కుటుంబాలూ కొట్టాయి. వాడు రాయికి అతుక్కుపోయి ఏడుపు మొదలెట్టాడు.

శిక్షకుడు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "దించండి" అన్నాడు. వాడు కిందికి వచ్చి దూరంగా కూర్చున్నాక మాకు చెప్పాడు: "దించమంటే దించుతారన్న నమ్మకం ఉంటేనే పిల్లలు మళ్ళీ ఎక్కుతారు. ఇవాళ మీరు కొట్టిన చప్పట్లు వాడికి వినబడలేదు. 'నా మాట వినడం లేదు' అన్నదే వాడికి తెలిసింది."

ఆ మాట ఇంటిదాకా వచ్చింది. స్కూల్లో, ఒలింపియాడ్ పరీక్షల్లో, కీబోర్డు క్లాసులో మనం రోజూ అనేది ఆ "ఇంకొక్క అడుగే" కదా!

మీరూ వెళ్ళాలనుకుంటే మేం నేర్చుకున్నవి కొన్ని. నవంబరు నుంచి మార్చి దాకానే మంచి కాలం. పొద్దున నీడ ఉండే వైపు చూసుకోండి, ఎండెక్కితే రాయి పెనంలా కాలుతుంది. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. నడుముకి మాత్రమే కట్టే హార్నెస్‌లో తలకిందులైతే జారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి భుజాల మీదుగా వచ్చే ఒళ్ళంతా హార్నెస్ అడగండి. హెల్మెట్ కింద నిలబడ్డవాళ్ళకీ ఉండాలి, పైన మేకలు నడిచినా రాళ్ళు దొర్లుతాయి. ముడి ప్రతిసారీ ఇద్దరు చూడాలి. దూరాన కొండల మీద మబ్బు పట్టినా వాదిలో ఆగొద్దు. మన నెత్తిన చినుకు పడకపోయినా వరద వచ్చేస్తుంది. శిక్షకుడు లేకుండా అసలు వెళ్ళొద్దు.

తర్వాతి రెండు వారాలు బాబు రాయి జోలికి పోలేదు. మేం అడగలేదు. మూడో వారం వాడే వచ్చి, "నాన్న వెనక తాడు నేను పట్టుకోనా?" అన్నాడు. తాడు పట్టేవాళ్ళ వెనక, మిగిలిన కొసని ఇంకొకరు పట్టుకుని నిలబడటం ఒక జాగ్రత్త. ఆ పని వాడికిచ్చారు. చెల్లి ఎక్కి దిగేదాకా వాడు కన్నార్పలేదు.

పులిహోర డబ్బాలు తెరవబోతుంటే, "అమ్మా, నువ్వు ఎక్కవా?" అన్నాడు.

నలభై రెండేళ్ళకి మొదటిసారి ఒక నిజమైన రాయిని రెండు చేతులా పట్టుకున్నాను. సగం దాకా బాగానే వెళ్ళాను. కింద చూశాక మోకాళ్ళు వణికాయి. వాడు ఆగిపోయిందీ దాదాపు అక్కడే.

"దించండి" అన్నాను.

మా ఆయన నోరు తెరిచేలోపే వెనక నుంచి బాబు గొంతు వినబడింది. "నాన్నా, అమ్మ దించమంటోంది."