వీసా అడగని ఊళ్ళో గుర్రాలాట

అక్క పురిటికి వెళ్దామని అమ్మ మార్కాపురం నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని ఇంటర్వ్యూకొచ్చింది. రెండు ప్రశ్నలడిగి పాస్‌పోర్టు తిరిగిచ్చేశారు. చేతిలో పెట్టిన కాగితంలో ఏముందిరా అంటే, ఏం లేదమ్మా అన్నా (చదివాను లెండి). బ్రిటిష్ పాస్‌పోర్టున్న మా మేనేజరేమో అదే దేశానికి ఇంట్లోంచే ఆన్‌లైన్ ఫారం నింపి వెళ్ళొచ్చేశాడు!

మనల్ని వీసా అడగని దేశాలేమున్నాయా అని వెతికా. కజక్‌స్థాన్ 2022 జూలై నుంచి మనవాళ్ళని వీసా లేకుండా 14 రోజులు ఉండనిస్తోంది. సరే, పోయిన వేసవిలో అమ్మని ఆల్మాటీ తీసుకెళ్ళా.

అక్కడ 'కిజ్ కూ' అని ఓ ఆట చూశాం. గుర్రమ్మీద అబ్బాయి అమ్మాయిని తరమాలి. అందుకుంటే ముద్దు. అందుకోలేకపోతే, తిరిగొచ్చేటప్పుడు ఆ అమ్మాయే వాణ్ణి తరిమి కొరడాతో బాదుతుంది!

"ఏందిరా, ఆ పిల్ల అట్టా కొడతా ఉంది!" అని అమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మీరు నమ్ముతారో లేదో, ఆ ఇంటర్వ్యూ తర్వాత అమ్మ అలా నవ్వడం అదే మొదలు.

కాసేపాగి, "మనల్ని ఈడ ఎవరూ ఏం అడగలేదు గదా. అక్కనీ బిడ్డనీ ఈడికే రమ్మంటే?" అంది.

రూముకెళ్ళగానే అక్కకి ఫోన్ చేశా.