ముందు సంకల్పం

ఈ ఉదయం పక్కింట్లో సత్యనారాయణ వ్రతం.
పంతులుగారు సంకల్పం చెప్పిస్తుంటే శ్రద్ధగా విన్నాను.

శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఏ తిథి, ఏ గోత్రం, ఈ పూజ ఎందుకు...
ఇవన్నీ పైకి చెప్పుకున్నాకే పూజ మొదలు.

మన రోజులు మాత్రం ఏ సంకల్పమూ లేకుండా ఫోన్‌తో మొదలైపోతున్నాయి.
అక్కర్లేనివి కొంటాం. మనసు లేని చోటికి వెళ్తాం.
కావలసినవాళ్లకేమో టైముండదు.

ఏది కావాలో తేల్చుకుంటే చాలు, మిగతావి వాటంతటవే జారిపోతాయనిపించింది.

నా సంకల్పం ఇక్కడే చెబుతున్నా:
రాత్రి భోజనం ఇంట్లో అందరం కలిసి, ఫోన్లు పక్కన పెట్టి.
కొత్తది కొనేముందు ఉన్నది వాడటం.

మరి మీది? ఒక్కటి చాలు, కామెంట్లో రాయండి.
నలుగురిలో చెప్పుకున్న మాట నిలబడుతుంది.