నిలబెట్టే కాళ్ళు

పలమనేరు పక్కనే మా గంగవరం. చెన్నై–బెంగుళూరు రోడ్డుమీద పోయే పెద్ద ట్రైలరు లారీలను చూసినప్పుడల్లా మగవాళ్ళు ఇంజను గురించి మాట్లాడుకుంటారు. నా కళ్ళు మాత్రం ట్రైలరు ముందుభాగాన వేలాడే రెండు ఇనపకాళ్ళ మీదికే పోతాయి. ఎగుడుదిగుడు బీరువా కింద అట్టముక్క దోపేది మనమే గదా!

లారీ వెనక ‘ఐదో చక్రం’ అని ఒకటుంటుంది. పేరు గుర్రబ్బళ్ళ కాలంనాటిది. నిజానికది దొర్లే చక్రం కాదు, గ్రీజు పూసిన ఇనప పళ్ళెం. ట్రైలరు కిందనుండే 2 అంగుళాల లావు పిన్ను దాన్లో ఇరుక్కుంటుంది. లారీ విడిపోయిందా, ముందువైపు బరువంతా ఆ రెండు కాళ్ళదే.

మా మరిది ట్రైలరుకు కాళ్ళు మార్పిస్తుంటే షెడ్డుకు క్యారియరు పట్టుకెళ్ళాను. మేస్త్రీ చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి, ముందుభాగాన్ని దిమ్మలమీద మట్టంగా నిలిపాడు. దారానికి గుండు కట్టి, రెండు కాళ్ళూ నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూశాడు. ఎత్తు కొలిచాడు. ఒకటి ముందుగా నేల తాకితే బరువంతా దానిమీదే పడుతుందట. రెండింటినీ కలిపే అడ్డకడ్డీ వంకరైతే హ్యాండిలే మొరాయిస్తుందట. విప్పి, మళ్ళీ బిగించాడు.

“ఇంతసేపా? సాయంత్రం లోడుంది!” అని మరిది విసుక్కున్నాడు.

“మధ్యాన్నంపూట క్లీనరు పిల్లోడు పడుకునేది దీని నీడలోనే సామీ” అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండా.

మరిది మరి మాట్లాడలేదు. మెత్తటి నేలమీద కాళ్ళకింద మందపు పలకలు వెయ్యమనీ, ఎంత బాగా బిగించినా కింద మాత్రం ఎవర్నీ పడుకోనివ్వద్దనీ చెప్పి పంపాడు మేస్త్రీ.

“రేపట్నించి ఆ పిల్లాడికి మన వసారాలో చాప వేయించు” అన్నాను.

“అట్లే వదినా” అన్నాడు మరిది.