డ్రమ్ము పొయ్యి

వేసవిలో పిక్నిక్ అయిన దగ్గర్నుంచీ మా యింటికి వచ్చే ఫోనులన్నిటిదీ ఒకటే ప్రశ్న. ఆ నల్ల డ్రమ్ము ఎక్కడ కొన్నారు? కొనలేదండీ, చేసుకున్నాం అంటే, అయితే ఎలా చేశారో చెప్పండి అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా పత్రికకి రాసి యిమ్మని కార్యవర్గం వారి సలహా. కొలతలు నాలుగు ముక్కలు రాసి యిస్తే వారికి సరిపోయేదే గాని, ఆ కొలతలు ఎవరివో చెప్పకుండా రాయటం మాకు చేతకాలేదు. అందుచేత కాస్త పొడుగైంది.

పొగ సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. అరటి గెలలకి పొగబెట్టి మగ్గవేస్తాం. తలంటిన తర్వాత జుట్టుకి సాంబ్రాణి పొగ వేస్తాం. దోమలు పోవటానికి పశువుల కొట్టంలో వేస్తాం. పొమ్మనలేక పొగబెట్టటమూ వచ్చు మనకి. వంటకి మాత్రం పొగని శత్రువుగానే చూశాం. పొగ లేని పొయ్యి కోసం మన అమ్మలు పడిన పాట్లు గుర్తు తెచ్చుకుంటే, డబ్బు పెట్టి పొగ చేసుకు తినే ఈ దేశస్థుల సరదా మొదట్లో మాకు వింతగానే ఉండేది.

బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల మూలవాసులది. నిప్పుల పైన కర్రలతో కట్టిన మంచెని వాళ్ళు అన్న పేరే స్పానిష్ వాళ్ళ నోట బార్బకోవా అయి, ఇంగ్లీషులోకి వచ్చింది. మనం పెరట్లో కోడిముక్కలు పెట్టి పావుగంటలో దింపేసేది అసలు బార్బెక్యూ కాదని, దాన్ని గ్రిల్లు అనాలని తెలిసినవాళ్ళు కొట్లాడతారు. సన్నటి వేడి మీద, మూత పెట్టి, గంటల తరబడి పొగలో మగ్గనిస్తేనే బార్బెక్యూ. గట్టి కండల్లో పీచులాగా ఉండే కొలాజన్ అలా నిదానంగా కరిగి జిగురవుతుంది. తొందరపడితే ఆ ముక్కే చెప్పు అట్టలా తయారవుతుంది.

ఈ విషయంలో మన షికాగో ప్రాంతం తక్కువ తినలేదు. పెరటి పెరటికీ కనబడే గుండ్రటి వెబర్ పొయ్యి ఇక్కడిదే. వెబర్ బ్రదర్స్ అనే లోహపు కార్ఖానాలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ గారు, అక్కడ తయారయ్యే నీటి మీద తేలే ఇనుప బుంగని రెండుగా కోసి, 1952లో దాన్ని చేశారు. గాలికీ వానకీ ఆరిపోని పొయ్యి కావాలన్నదే ఆయన బాధ. డ్రమ్ము పొయ్యి దానికి చిన్నాన్న కొడుకు వరస.

ఇక మా తాతయ్య సంగతి. మా యిద్దరిలో ఒకరికి తండ్రి, ఒకరికి మామగారు. పిల్లల పుణ్యమా అని యింటిల్లిపాదికీ తాతయ్య. బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరి, ఆవిరి యింజన్లతోనే జీవితం గడిపిన మనిషి. బామ్మ పోయిన తర్వాత ఒంటరిగా కావలిలో ఉండలేక, 2011 అక్టోబరులో మా దగ్గరికి అరోరా వచ్చారు. రావటం రావటం చలికాలంలోకి వచ్చారు. మేం పొద్దున్నే ఆఫీసులకి, పిల్లలు బడికి. ఆయన వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మంచు చూస్తూ కూర్చునేవారు. టీవీ పెడితే కట్టేసేవారు. పదిహేనేళ్ళ మనవడికి వచ్చిన తెలుగు ఆయనకి అర్థం కాదు, ఆయన రైల్వే ఇంగ్లీషు వాడికి అర్థం కాదు. భోజనాల దగ్గర అందరికీ వినబడేట్టు ఒకటే మాట: "ఏప్రిల్‌లో నన్ను పంపించెయ్యండి." ఉండమని చెప్పటానికి మా దగ్గర కారణం ఉండేది కాదు. ప్రేమ ఒక్కటే చాలదు లెండి, చేతికి పని కావాలి మనిషికి.

మార్చిలో ఒక ఆదివారం ఊళ్ళో రౌండ్‌హౌస్ చూపించటానికి తీసుకెళ్ళాం. 1850లలో రైలు కంపెనీ వారు కట్టిన గుండ్రటి రాతి షెడ్డు అది. యింజన్లు పోయాక భోజనశాల అయింది. తాతయ్య తినే పదార్థాల జోలికి పోకుండా గోడ వెంట ఒక చుట్టు తిరిగి, యింజన్ని తిప్పే టర్న్‌టేబుల్ ఎక్కడుండాలో అడుగులు వేసి చూపించారు. మనవడు ఆ రోజు మొదటిసారి ఆయన్ని వరసగా నాలుగు ప్రశ్నలు అడిగాడు. తిరిగి వస్తూంటే కారులో వాడే అన్నాడు, వాడి స్నేహితుల యింట్లో డ్రమ్ముతో చేసిన పొయ్యి ఉందని, అడుగున గాలి తూములు తిప్పి వేడి సరిచేస్తారని. "అంటే డ్యాంపరు" అన్నారు తాతయ్య. యింజను నిప్పుగూడుకి అడుగునుంచి వెళ్ళే గాలిని అదుపు చేసే తలుపది. ఆ ఒక్క మాట యిద్దరికీ ఒకేలా అర్థమైంది.

యాభై అయిదు గ్యాలన్ల ఉక్కు డ్రమ్ము కావాలి. మన లెక్కన రెండు వందల ఎనిమిది లీటర్లు. ఎత్తు సుమారు ముప్ఫై అయిదు అంగుళాలు, అడ్డం యిరవై మూడు. మూత పూర్తిగా ఊడి వచ్చే రకమే తెచ్చుకోవాలి. ఇందులో తాతయ్య పట్టుదల చూడాలి. మొదటి డ్రమ్ము మూత తీసి వాసన చూసి, కిరసనాయిలు అని వెనక్కి పంపారు. రెండో దాని లోపల ఎర్రటి పూత ఉంది. అది పూర్తిగా కాలి ఊడటం కష్టం, ఊడకపోతే తిండిలోకి వస్తుంది, వద్దన్నారు. ఏం పోశారో తెలియని డ్రమ్ముని కొయ్యబోతే లోపల మిగిలిన ఆవిరి పేలి ప్రాణం తీస్తుందనీ, షెడ్డుల్లో ఈ జాగ్రత్త మొదటి రోజే చెబుతారనీ మనవడికి చేతులతో అభినయించి చూపించారు. చివరికి పూత లేని కొత్త డ్రమ్మే కొన్నాం. కొత్తదానికీ తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది కాబట్టి, లోపల కట్టెలు పేర్చి పెద్ద మంట పెట్టి కాల్చి, తోమి, వంటనూనె పట్టించాం.

అడుగు నుంచి రెండంగుళాల ఎత్తున చుట్టూ మూడు రంధ్రాలు, ఒక్కొక్కటీ ముప్పావు అంగుళం. మూడూ సమదూరంలో ఉండాలి. మనవడు వ్యాసాన్ని పైతో గుణించి మూడుతో భాగించటానికి యంత్రం తీశాడు. తాతయ్య డ్రమ్ము చుట్టూ నూలుదారం చుట్టి, దాన్ని మూడు మడతలు పెట్టి, సుద్దతో గీతలు గీసేశారు. రెండు లెక్కలూ కలిశాయి. కలిసినందుకు యిద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపు మేం కిటికీలోంచి చూశాం.

రంధ్రాలకి పొట్టి గొట్టాలు బిగించాం. రెండింటికి మూతలు, మూడోదానికి తిప్పే కవాటం. యిక్కడొక హెచ్చరిక. గొట్టాలు నల్ల ఇనుమువే కొనండి. జింకు పూసిన తెల్లటివి ఎర్రగా కాలితే ఆ పొగ పీల్చినవాళ్ళకి జ్వరం తగులుతుంది. నిప్పుల కోసం జల్లెడలాంటి ఉక్కు రేకుని పదిహేను అంగుళాల వెడల్పు బుట్టగా చుట్టి, బూడిద రాలటానికి రెండు మూడంగుళాల కాళ్ళు పెట్టాం. అంచుకి ఏడంగుళాల కింద నాలుగు బోల్టులు, వాటి మీద వెబర్ వారి గుండ్రటి కమ్మీల పళ్ళెం. మూతకి అరంగుళం రంధ్రాలు ఎనిమిది. పక్కన వేడి చూపే గడియారం ఒకటి. బయట మాత్రమే వేడికి ఓర్చే నల్లరంగు. పని రెండు శనాదివారాలు పట్టవలసింది. తాతయ్య రంధ్రాల అంచులన్నీ ఆకురాయితో నున్నగా రుద్దేదాకా ఒప్పుకోలేదు గనుక నాలుగు పట్టింది. ఏప్రిల్ టిక్కెట్టుని ఆయనే అక్టోబరుకి మార్పించమన్నారు.

నడిపే విధానం తెలిసినవాళ్ళకి తేలిక. మన పొట్టు పొయ్యి గుర్తుందా? డబ్బాలో రంపపు పొట్టు కూరి అడుగున కొంచెం గాలి వదిలితే, పూటంతా సన్నగా మండేది. ఇదీ అంతే. బుట్ట నిండా బొగ్గు బిళ్ళలు పోసి, మధ్యలో నాలుగు ముక్కలు హికరీ, ఆపిల్, చెర్రీ లాంటి గట్టి చెక్క దూర్చి, విడిగా రాజేసిన పది పదిహేను నిప్పులు పైన పోస్తే చాలు. నిప్పు పైనుంచి కిందికి నిదానంగా పాకుతుంది. ఒకసారి నింపితే ఎనిమిది గంటలకి తక్కువ కాదు. (ఆ బొగ్గు బిళ్ళల్ని ఊరూరా అమ్మించినవాడు మోటారు కార్ల హెన్రీ ఫోర్డే. 1920లలో కార్లకి వాడగా మిగిలిన చెక్క పేళ్ళని వృధా పోనివ్వటం యిష్టం లేక చేయించాడు.) రంగులేసిన చెక్కా, మందు పట్టించిన కంచె కర్రా పొరబాటున కూడా వెయ్యకండి.

మొదట తెల్లటి దట్టమైన పొగ వస్తుంది. అప్పుడే మాంసం పెడితే చేదు. పొగ పలచబడి నీలంగా, కనబడీ కనబడనట్టు ఉన్నప్పుడు పెట్టాలి. నల్లపొగ వచ్చిందంటే ఫైర్‌మాన్‌కి పని రాదని అర్థం అనేవారు తాతయ్య, బొగ్గు సొమ్ము గాలికి పోతున్నట్టట. ముల్లు 225కీ 275కీ మధ్య నిలిచేట్టు తూములు కొంచెం కొంచెంగా మూసుకురావాలి. ఎక్కిన వేడిని దించటం కష్టం, ఎక్కనివ్వకుండా ఆపటం సులువు.

మూత మాత్రం తియ్యకూడదు. తీస్తే గాలి దూరి నిప్పులు భగ్గుమంటాయి. నిమిషానికోసారి గరిటె పెట్టి కలిపే జాతి మనది, మూత తియ్యకుండా ఉండటమంటే ఉపవాసం కన్నా కష్టం. తాతయ్య ఒక నోటుపుస్తకం పెట్టి, అరగంటకోసారి టైమూ, ముల్లూ, తూము స్థితీ రాసేవారు, డ్యూటీలో ఉన్నట్టే. పెద్ద ముక్క లోపలి వేడి 150 దాటాక గంటల తరబడి కదలదు. మనవడు కంగారు పడ్డాడు. లోపలి తేమ పైకి ఊరి ఆవిరవుతూ ముక్కని చల్లబరుస్తుంది, కూజాలో నీళ్ళు చల్లబడటం లాంటిదే. కూజా అంటే ఏమిటో వాడికి చెప్పటానికే ఒక గంట పట్టింది, ఈలోగా ముల్లు కదిలింది.

కోడిని అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి రాత్రంతా నానబెడతాం. లోపల 165 వచ్చేదాకా దింపకూడదు, తొడ దగ్గర యింకాస్త ఎక్కువైనా మంచిదే. మేక జబ్బకి ఆరేడు గంటలు. 200 దగ్గర ఎముక దానంతటదే ఊడి వస్తుంది.

తాతయ్య వీటిలో ఏదీ ముట్టలేదు. బామ్మ అస్తికలు కలపటానికి కాశీ వెళ్ళినప్పుడు అక్కడ వదిలేసింది కాయో పండో కాదు, మాంసం. వండే నిప్పు ఆయనది, తినేది మేం. ఇది మాకు మింగుడు పడేది కాదు. ఒకనాడు బొగ్గు నింపి, యింకా కోడి పెట్టకముందే, కడిగిన వేరే పళ్ళెం మీద నూనె రాసిన లావు వంకాయలు నాలుగు పెట్టాం. గంటకి తోలు ముడతలు పడి మెత్తబడ్డాయి. పచ్చిమిరప, చింతపండు, పచ్చి ఉల్లిపాయ వేసి నూరి తాలింపు పెడితే, తాతయ్య అన్నంలో కలుపుకుని ఏమీ మాట్లాడకుండా రెండోసారి పెట్టించుకున్నారు. కుంపటి మీద బామ్మ కాల్చిన రుచి అని తర్వాత ఎప్పుడో అన్నారు. అప్పటినుంచీ మా యింట్లో శాకాహారం ముందు, మాంసం వెనుక. పిక్నిక్‌లో మీరు తిన్న పచ్చడి అదే.

2014లో ఆయన రెండోసారి వచ్చినప్పుడు చిక్కొచ్చింది. మనవడు బడి స్నేహితుల కోసం ఆవు మాంసం, బ్రిస్కెట్ అనే పెద్ద ముక్క, డ్రమ్ములో పెడతానన్నాడు. బార్బెక్యూకి అదే పరీక్ష అంటారు యిక్కడ. మా యిద్దరికీ మాట పెగల్లేదు. వాడు పుట్టిన దేశంలో తప్పు కాని పనిని తప్పని ఎలా చెప్పటం, చెప్పకపోతే పెద్దాయన ముఖం ఎలా చూడటం. మేం రెండు రాత్రులు గుసగుసలాడుకున్న విషయాన్ని మనవడు తిన్నగా వెళ్ళి ఆయన్నే అడిగాడు. "ఈ డ్రమ్ములో వద్దు" అన్నారు. వాడి ముఖం మాడింది. "యింకోటి చేద్దాం, మీవాడి యింట్లో పెట్టుకోండి" అన్నారు. అన్నట్టే దారం, సుద్ద పట్టుకుని ఆ అమెరికన్ల పెరట్లో మూడు రోజులు కూర్చుని రంధ్రాలు వేయించారు. ముక్క పెట్టే రోజు మాత్రం గుడికి తీసుకెళ్ళమన్నారు, తీసుకెళ్ళాం. 1986లో వెలిసిన మన బాలాజీ గుడి ఉండగా ఆ రోజు గడపటం కష్టం కాలేదు. సాయంత్రం వచ్చి, ముల్లు ఎంత దగ్గర నిలిచిందని మాత్రం అడిగారు.

2017లో కావలిలో ఆయన పోయారు. డ్రమ్ము అడుగు 2021కి తుప్పు తినేసింది. బూడిద తడిస్తే ఇనుముని తినేస్తుంది, ప్రతిసారీ ఎత్తి పారబోయండి. అబ్బాయి ఉద్యోగం నుంచి సెలవు పెట్టి వచ్చి కొత్తది చేశాడు, నోటుపుస్తకం ముందు పెట్టుకుని. అంకెలు వాడికి అర్థమవుతాయి, తెలుగు అక్షరాలు రావు. పేజీ పేజీకీ టైము పక్కన కనబడే ఈ ఒక్క మాట ఏమిటని మమ్మల్ని అడిగాడు, ఏదో ముఖ్యమైన సూచన అనుకున్నాడు పాపం. అది వాడి పేరు. మూత తీసినప్పుడల్లా రాసి పెట్టారు.

కొలతల కాగితం కావలసినవారు మా యింటికి వచ్చి రాసుకుపోవచ్చు. శనివారమైతే పచ్చడి కూడా ఉంటుంది.