యుద్ధం ముగిసిన మర్నాడు

మహాభారతంలో 18 పర్వాలున్నాయి. పదవదైన సౌప్తికపర్వంతో చంపుకోవటం పూర్తవుతుంది. స్త్రీపర్వం మొదలు స్వర్గారోహణం దాకా మిగిలిన 8 పర్వాలూ యుద్ధం ముగిశాక నడిచే కథ. యుద్ధం జరిగింది 18 రోజులు. ఆ తర్వాత ధృతరాష్ట్రుడు ధర్మరాజు పంచన గడిపింది 15 సంవత్సరాలు. యాదవులు తమలో తాము కొట్టుకు చచ్చింది యుద్ధమైన 36వ ఏట. ఈ లెక్క తెలియని తెలుగు ఉపాధ్యాయుడుండడు. అయినా మనం నాటకమాడినా, పద్యం పాడినా రాయబారం దగ్గరో రణరంగం దగ్గరో ఆగిపోతాం. తరగతిలో పాఠం చెప్పేటప్పుడు కూడా అంతే. గెలిచినవాడి మర్నాటి బతుకు గురించి అడిగే విద్యార్థి అరుదు, చెప్పే ఉపాధ్యాయుడు మరీ అరుదు.

ఈ వేసవి సెలవుల్లో మా వూరు పెద్దకొడప్‌గల్‌లో ఆ ప్రశ్నను నన్ను ఐదుగురు డిగ్రీ విద్యార్థులు అడిగారు. వాళ్ళు అడిగింది భారతం గురించి కాదు, ఒక ఆట గురించి. హైదరాబాదు హాస్టళ్ళలో వుండి చదువుకుంటూ వాళ్ళొక ఆట నేర్చుకున్నారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు నిర్వాహకుడు, ఒక కల్పిత దేశాన్నీ, అక్కడి మనుషుల్నీ, వాళ్ళ కష్టాల్నీ అతను వర్ణిస్తాడు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో తామే నిర్ణయిస్తారు. చేసిన పని నెరవేరిందీ లేనిదీ పాచికలు చెబుతాయి. వేషం లేదు, రంగస్థలం లేదు, ముందుగా రాసిన సంభాషణ లేదు. నెలల తరబడి వారానికొకసారి కథ సాగుతుంది. నిర్వాహకుడుగా నన్నుండమన్నారు. "మాకు కత్తియుద్ధాలు సాలు సార్. లడాయి ఒడిసినంక ఏమయితదో ఆడాలె" అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఈ ఆట పుట్టుక తెలిస్తే ఆ కోరిక విలువ తెలుస్తుంది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్, అధికారులకు శిక్షణ ఇవ్వటానికి పటం మీద పాచికలతో ఆడే యుద్ధక్రీడ నియమాలు ప్రచురించాడు. అలాంటి యుద్ధక్రీడలు కాలక్రమాన వినోదమయినాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వాటిలో నుంచి "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను తయారుచేశారు. సైన్యం పోయి ఒక్కొక్క మనిషి వచ్చాడు. అదే దాని కొత్తదనం. కాని పుట్టింటి వాసన పోలేదు. దాని నియమాల్లో పెద్ద భాగం ఇప్పటికీ దెబ్బ తగలటం గురించీ, గాయం లోతు గురించీ చెప్పేవే. పంట గురించి, అప్పు గురించి చెప్పేవి బహు తక్కువ. కంటోన్మెంటులో పుట్టిన ఆటకు కచేరీ లెక్కలు రావు.

ఆ ఆటలోనే 2004లో కీత్ బేకర్ అనే రచయిత "ఎబెరాన్" అనే లోకాన్ని కల్పించాడు. అక్కడ నూరేళ్ళ యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. దాన్ని "చివరి యుద్ధం" అని పిలుచుకుంటారు గాని, అది చివరిదని ఎవరికీ నమ్మకం లేదు. ఒక రాజ్యం ఒక్క రోజులో నాశనమయిపోయింది. ఎవరు చేశారో తెలియదు. దాని ప్రజలు పొరుగు దేశాల్లో కాందిశీకులు. యుద్ధం కోసమే తయారయిన ప్రాణమున్న మరమనుషులకు సంధి పత్రం స్వేచ్ఛ ఇచ్చింది. పని ఇవ్వలేదు. మా విద్యార్థులను పట్టుకున్నది ఈ చివరి సంగతే. "ఫ్రీ జేసిన్రు సరే, బువ్వెట్ల సార్?" అని అడిగింది ఒక అమ్మాయి. ఆర్థికశాస్త్రం చదివే అమ్మాయి అనుకున్నాను; కాదు, రసాయనశాస్త్రం.

అభ్యుదయ సాహిత్యం చదివేవాడికి మంత్రాలూ మరమనుషులూ ఎందుకని నా సహోపాధ్యాయుడొకరు ఎగతాళి చేశారు. వాస్తవం కళ్ళెదుట వుండగా కల్పనలోకి పారిపోవటం కాదా అన్నారు. ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. పారిపోయే కల్పన వుంది, అది మార్కెట్టులో విరివిగా దొరుకుతుంది. కాని మా ప్రాంతంలో చిందు భాగవతులు తరతరాలుగా దేవతల వేషాలు కట్టి, వేషం చాటున ఊరి మీద చెణుకులు విసురుతూనే వచ్చారు. కల్పన వాస్తవానికి విరోధి అవునా కాదా అన్నది, ఆ కల్పన దేన్ని మరిపిస్తుంది, దేన్ని గుర్తుచేస్తుంది అన్న దాన్ని బట్టి తేలుతుంది.

మేము ఐదు సాయంత్రాలు కూర్చుని ఏర్పాట్లు చేసుకున్నాం. దేశానికి పేరు పెట్టలేదు. ఒక నది, నల్లరేగడి నేల, రెండు రాజ్యాలు, మధ్య ఒక కోట. కోటకు నమూనా జుక్కల్ మండలంలోని కౌలాస్. యుద్ధం పన్నెండేళ్ళు జరిగి ముగిసింది. కథ ఎక్కడ మొదలు కావాలన్న దగ్గర వాదన వచ్చింది. ఒకడు విజయోత్సవం రోజన్నాడు. మరొకడు సంధి మీద సంతకాలయ్యే రోజన్నాడు. చివరికి మృగశిర కార్తె దగ్గర కుదిరింది. వాన పడింది, విత్తాలి. విత్తనాలు షావుకారు ఇంట్లో వున్నాయి. ఎడ్లను రెండు సైన్యాలూ తోలుకుపోయాయి. దున్నేవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. రాజు ఖజానా ఖాళీ.

ఖజానా ఖాళీ అన్నది భారతం నేర్పిన పాఠం. అశ్వమేధం చెయ్యమంటే ధర్మరాజు దగ్గర డబ్బు లేదు. హిమాలయాల్లో మరుత్తుడు వదిలేసిన బంగారం తవ్వి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ యాగం చివర ఒక ముంగిస వచ్చి, ఈ వైభవమంతా కరువులో ఒక పేదవాడు పెట్టిన పిడికెడు పేలపిండికి సరికాదని సభలో అంటుంది. యుద్ధానంతర ప్రభుత్వానికి అంతకంటె ఘాటైన విమర్శ నేనెరగను. మా ఆటలో కూడా గెలిచిన రాజు ఒక ఉత్సవం తలపెడతాడు. దాని ఖర్చు ఏ ఊరి మీద పడుతుందన్నది మొదటి చిక్కు.

అసలు చిక్కు మూడో సాయంత్రం వచ్చింది. "ఓడిపోయినోళ్ళ సిపాయిగ ఆడితె తప్పా సార్?" అని ఒకడు అడిగాడు. వెంటనే ఇంకొకడు లేచాడు: "మన ఊరు తగలబెట్టినోడు గాదా వాడు? వాన్ని పక్కన కూసోబెట్టుకోని ఎట్ల ఆడాలె?" రసాయనశాస్త్రం అమ్మాయి అంది: "తగలబెట్టింది వాడా, వాని రాజా, వాని కులపోడా? అది ముందుగాల తేల్చాలె." అందరూ కాసేపు మాట్లాడలేదు. మేము కూర్చున్న నేల ఎలాంటిదో ఆ ఐదుగురికీ తెలుసు.

మాది మూడు భాషల సరిహద్దు. తెలుగు మాటలో మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసి వుంటాయి. పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోవి. రాష్ట్రాల పునర్విభజనలో నిజామాబాదు జిల్లాలో కలిశాయి. 2016 నుంచి మాది కామారెడ్డి జిల్లా. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాల గురించి మనం రాశాం, పాడాం, ఆడాం, రాయవలసిందే. కాని లొంగుబాటు తర్వాత సామాన్య ముస్లిముల మీద జరిగిన ప్రతీకారం గురించి ఏం రాశాం? భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి వుంటారని అంచనా వేసింది. అందరికంటె ఎక్కువ నష్టపోయినవని అది చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడ్. చివరి రెండూ మాకు ఇరుగుపొరుగు. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు.

అదే కాలంలో ఇంకొక వైపు చూడండి. ఓడిన నిజాం 1950 జనవరి 26న హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుడయినాడు. 1956 దాకా ఆ పదవిలో వున్నాడు. దొరల గడీలను ఎదిరించి, భూములు పంచుకున్న రైతుకూలీల మీద మాత్రం సైన్యం వేట సాగింది. సాయుధ పోరాటాన్ని విరమించిన 1951 అక్టోబరు దాకా ఆగలేదు. పైన వున్నవాళ్ళు పైవాళ్ళతో రాజీపడ్డారు. కింద వున్నవాళ్ళలో ఇద్దరు బలి అయినారు: పోరాడిన పేదవాడొకడు, ఓడిన రాజు మతంలో పుట్టటం తప్ప ఏ నేరమూ లేని పేదవాడొకడు. యుద్ధం ఎవరు గెలిచారో సెప్టెంబరు 17 చెప్పదు. ఆ తర్వాతి మూడేళ్ళు చెబుతాయి.

అలాగని "రెండు పక్షాలూ తప్పే" అనే తీర్పు ఇచ్చి చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. యుద్ధానంతర కథలకు పట్టే జబ్బు అదే. కన్నీళ్ళన్నీ ఒకటే రంగు గనక కారణాలు కూడా ఒకటే అని అవి నమ్మిస్తాయి. వెట్టి చేసినవాడి కోపమూ, వెట్టి చేయించుకున్నవాడి భయమూ ఒకటి కావు. ఓడినవాడి దుఃఖాన్ని ఒప్పుకుంటూనే అతని గడీని వెనక్కి ఇవ్వకుండా వుండటం ఎలా? ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నలో వున్న అసలు బరువు ఇది.

జవాబు ఆ సుందర్‌లాల్ నివేదికలోనే ఒక మూల వుంది. కొన్ని చోట్ల హిందూ సాలెలు ముస్లిం సాలెలను కాపాడటానికి అడ్డం నిలబడ్డారనీ, అందులో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ అది రాసింది. ఆ బీభత్సంలో వాళ్ళను కలిపి వుంచింది మగ్గం. పక్కపక్క గుంటల్లో కాళ్ళు పెట్టి నేసినవాళ్ళకు ఎదుటివాడెవడో సైన్యాలకంటె బాగా తెలుసు. నేనా పేజీ సంగతి చెప్పాక, ఆటకు మొదటి నియమం విద్యార్థులే చేశారు: ఎవడు ఏ పాత్ర వేసినా ముందు మూడు జవాబులు రాసుకోవాలి. యుద్ధానికి ముందు నీ వృత్తి ఏమిటి? యుద్ధంలో నీ చేతులతో ఏం చేశావు? యుద్ధం తర్వాత నీ దగ్గర ఎవరి సొమ్ము వుంది? ఏ పక్షమన్నది నాలుగో ప్రశ్న. ఓడిన సిపాయి ఆటలోకి రావచ్చు. తగలబెట్టి వుంటే ఆ సంగతి పంచాయితీలో చెప్పాలి, ఇల్లు కట్టటానికి మట్టి మొయ్యాలి. తగలబెట్టకపోతే అతని మీద ఎవరూ చెయ్యెత్తకూడదు. గెలిచిన పక్షపు సిపాయికీ ఇదే నియమం.

రెండో నియమం పాచికల గురించి. కురుక్షేత్రానికి దారి తీసింది ఒక పాచికల ఆట. అందుచేత పాచికలకు ఎంత అధికారమివ్వాలో తేల్చుకోవటం మంచిదనుకున్నాం. వాన పడుతుందా, వాగు పొంగుతుందా, మరమనిషి తవ్విన బావిలో నీళ్ళు పడతాయా అన్నవి పాచికలు చెప్పవచ్చు. విత్తనాలు పంచాలా వద్దా, దొర వదిలిపోయిన భూమి ఎవరిది, తిరిగొచ్చిన కుటుంబానికి ఇల్లు ఖాళీ చెయ్యాలా అన్నవి పాచికలు చెప్పకూడదు. వాటిని పాత్రలు వాదించి తేల్చుకోవాలి. తేలకపోతే తేలలేదనే రాసుకోవాలి. అన్యాయాన్ని విధి మీదికి నెట్టటం మన సమాజానికి పాత అలవాటు. ఆటలోనైనా అది సాగకూడదు.

మూడో నియమం పెట్టవలసి వచ్చింది స్త్రీపర్వం వల్ల. కొడుకులందరినీ పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడు భీముణ్ణి కౌగిలించుకుంటానంటాడు. కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు తోస్తాడు. గుడ్డి రాజు దాన్ని పిండి చేస్తాడు. సంధి మాటల వెనుక ఎంత పగ మిగిలి వుంటుందో వ్యాసుడికి తెలుసు, తిక్కనకూ తెలుసు. కనక మా కథలో క్షమాపణ అడగటం ఎవరి ఇష్టం వాళ్ళది. క్షమించటం మాత్రం ఎవరికీ విధి కాదు. ఒక ముసలమ్మ పాత్ర చివరిదాకా క్షమించకుండా వుండవచ్చు. ఆమె ఊళ్ళోనే వుంటుంది, ఆమె వాటా విత్తనాలు ఆమెకు వస్తాయి.

తెలంగాణ పోరాట సాహిత్యంతో పరిచయమున్న పాఠకులకు ఇక్కడొక మాట మనవి చెయ్యాలి. 1947 నాటి "మా భూమి" నాటకం, "మృత్యుంజయులు" నవల పోరాటం నడుస్తుండగా పుట్టాయి. యుద్ధరంగంలో నిలబడి రాసిన రచయిత మర్నాటి లెక్క రాయలేదని నిందించటం న్యాయం కాదు. దాశరథి రంగాచార్య తర్వాత "జనపదం"లో పోలీసు చర్య అనంతర గ్రామాన్ని పట్టుకున్నారు. కాని మొత్తం మీద చూస్తే మన విమర్శ కూడా వీరుణ్ణి వెతికినంత ఓపికతో బతికి మిగిలినవాణ్ణి వెతకలేదు. తిరిగొచ్చి తన పొలంలో ఇంకొకడు దున్నుతుండగా చూసినవాడి కథ, పక్కింటివాళ్ళను దాచిపెట్టి ఆ సంగతి ఎన్నడూ చెప్పుకోని ఇల్లాలి కథ ఏ కొలబద్దతో కొలవాలో మనకింకా తెలియదు.

ఐదో సాయంత్రం పటం పూర్తిచేశారు. నదికి ఇటు నాలుగు, అటు నాలుగు ఊళ్ళు గీశాక, కోటకు దగ్గరలో ఇంకొక ఊరు గీసి దానికి పేరు రాయలేదు. ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. ఎందుకు లేరో నిర్వాహకుడుగా నేను నిర్ణయించి దాచిపెట్టాలన్నది మామూలు పద్ధతి. వాళ్ళు ఒప్పుకోలేదు. ఆటలో ఎవరైనా వెళ్ళి అడిగితే తప్ప ఆ ఊరి సంగతి తేలకూడదన్నారు. అడగటానికి ఎవరూ పోకపోతే? "పోకపోతే అది గూడ కథలనే వస్తది సార్, ఎవ్వలు పోలేదని" అన్నాడు, ఓడిన సిపాయిగా ఆడతానన్నవాడు. వచ్చే ఆదివారం ఆట మొదలు.